రోడ్డుకూ ఆటకూ మధ్య: ఒక పార్కు గేటు ఆత్మకథ

నేను గేటుని. హైదరాబాదులో ఒక కాలనీ పార్కుకు కాపలా ఉంటాను. లోపల పచ్చగడ్డి, జారుడుబండ, ఉయ్యాలలు. బయట మనిషి పట్టేంత ఫుట్‌పాత్, దాన్ని ఆనుకునే బస్సులూ ఆటోలూ తిరిగే రోడ్డు.

వెల్డింగ్ షాపులో ఇనప చువ్వలు కోసి, అతికి, ఎర్ర ప్రైమరు పూసి నన్ను తయారుచేశారు. నెమళ్లు, పూలతీగలు పెట్టి ముచ్చటగా తీర్చారు. నా దగ్గరికి వచ్చేది ఎవరన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. అడ్డపట్టీలు పిల్లలకు నిచ్చెనమెట్లయ్యాయి. చువ్వల సందులోంచి కుక్కపిల్ల సులువుగా దూరేది. పైగా నేను రోడ్డు వైపుకే తెరుచుకునేదాన్ని. బందులు కుంగి నేలకు రాసుకోవడం మొదలయ్యాక, పొద్దున్నే ఇటుక అడ్డం పెట్టి నన్ను బార్లా తెరిచేసేవారు. రాత్రి దాకా అంతే.

బంతి బయటికి దొర్లితే పిల్లవాడూ దాని వెంటే పోతాడు. ఆ క్షణాన వాడి కళ్లకు బంతి తప్ప ఏదీ ఆనదు. కుక్కా అంతే. అవతల పిల్లి కనిపించినా, దీపావళి రోజుల్లో ఎక్కడో బాంబు పేలినా, తిన్నగా దూసుకుపోతుంది. ఒక సాయంత్రం టామీ అనే కుక్క మెడ బెల్టుకున్న తాడు ఊడిపోయింది. అది రోడ్డెక్కింది, పేరు పెట్టి పిలుస్తూ ఆరేళ్ల పాప దాని వెనకే పరుగెత్తింది. ఆటో డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కి బండి పక్కకు తిప్పబట్టి ఇద్దరూ దక్కారు.

జనం పోగయ్యారు. "పిల్లను చూసుకోవద్దా అమ్మా?" అన్నారు కొందరు. "కుక్కను పార్కుకు తేవడమెందుకు?" అన్నారు ఇంకొందరు. ఎదురుగా వస్తున్న బండి వేగం సరిగ్గా అంచనా కట్టడం ఆరేళ్ల వయసుకు రాదు. కుక్కకు ఆ ఆలోచనే ఉండదు. వాళ్లకు లేని తెలివి కోసం వాళ్లను తిట్టి, మనకు చేతనైన ఏర్పాటు చేయకపోవడం అన్యాయం.

ఆ మాట పైకి అన్నది రోజూ నడకకు వచ్చే రిటైర్డు ఇంజనీరుగారు. కాలనీవాళ్లను నా పక్కనే కూర్చోబెట్టి లెక్క చెప్పారు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు దాటుతుంది. డ్రైవరు గమనించి బ్రేకు వేసి ఆపేసరికి, పొడి రోడ్డు మీదైనా 28 మీటర్లు పడుతుంది. వేగం 30 అయితే 13 మీటర్లలో ఆగుతుంది.

"అయితే హంపు వేయిద్దాం సార్" అన్నారొకరు.

"వేయించాల్సిందే బాబూ. కానీ పిల్లనూ కుక్కనూ లోపలే ఆపేది ఇంకొకటి కావాలి" అన్నారాయన.

అప్పుడు నన్ను పీకి, బండ్లు తక్కువ తిరిగే పక్క గల్లీ వైపు నిలబెట్టారు. అడ్డపట్టీలు తీసేసి అన్నీ నిలువు చువ్వలే వేశారు. చువ్వల మధ్య, నా అడుగున 10 సెంటీమీటర్లకు మించి సందు లేదు. స్ప్రింగు బందులు పెట్టారు, ఎవరు వదిలినా నా అంతట నేనే మూసుకుంటాను. గడియ చిన్నపిల్లల చేతికి అందదు. ఇప్పుడు నేను లోపలికే తెరుచుకుంటాను కాబట్టి, లోపలి నుంచి పరుగున వచ్చి తోసినా కదలను.

నాకు తోడుగా లోపల ఇంకో గేటు పెట్టారు. మా మధ్య చక్రాల కుర్చీ, పిల్లల బండి తిరిగేంత జాగా ఉంది. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. "లోపలి గేటు పడ్డాకే తాడు విప్పండమ్మా" అని వాచ్‌మన్ తాత అందరికీ చెబుతాడు. జారుడుబండను రోడ్డుకు దూరంగా జరిపారు. నా ఎదుట బండ్లు ఆపనివ్వడం లేదు, ఎందుకంటే ఆపిన కారు వెనక నుంచి వచ్చే పిల్ల డ్రైవరుకు కనిపించదు.

వీధికుక్కల సంగతీ తేల్చారు. కొందరు దయతో నా ముందే అన్నం పెట్టేవారు. దానికోసం అవి రోడ్డు దాటి వచ్చేవి, పిల్లలు జడిసేవారు. కుక్కలకు తిండి పెట్టే చోటు పిల్లల ఆటస్థలానికి, రాకపోకల దారులకు దూరంగా ఉండాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు చెబుతున్నాయి. ఇప్పుడు పార్కు వెనక మూలన, పిల్లలు లేని వేళ పెడుతున్నారు. కుక్కల కడుపూ నిండుతోంది, పిల్లల భయమూ తగ్గింది.

కుక్కలకూ విడిగా చోటు కావాలని ఈ నగరానికి తెలుసు. కొండాపూర్‌లో ఒకప్పుడు చెత్త పోసిన సుమారు 1.3 ఎకరాల్లో 2018లో వాటికోసమే పార్కు వెలిసింది. అలాంటివి ప్రతి కాలనీకీ రావడానికి సమయం పడుతుంది. ఉన్న పార్కుకు సరైన గేటు పెట్టడానికి అంత సమయం అక్కర్లేదు.

మీ పార్కుకు వెళ్లినప్పుడు గేటును ఒకసారి తోసి వదిలి చూడండి. తనంతట తాను మూసుకోకపోతే, కాలనీ సంఘానికీ మున్సిపల్ ఆఫీసుకూ రాసివ్వండి, పని అయ్యేదాకా అడగండి. పరుగెత్తడం పిల్లల స్వభావం, కుక్కల స్వభావం. ఆ పరుగు రోడ్డు మీదికి పోకుండా చూడటం పెద్దల బాధ్యత.