తాడుకి ఆముదం

మొన్న సోమవారం పొద్దున్నే ఒక కుర్రాడు పది చక్రాల లారీ తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. దిగుతూనే జేబులోంచి నల్లటి సీసా ఒకటి తీశాడు.

"మేస్త్రీ గారూ, గేర్లు సరిగ్గా పడట్లేదండీ. రివర్స్ అయితే మరీ కిర్రుమంటోంది. ఇది బాక్సులో పోసెయ్యండి, వెన్నలా పడతాయంట."

"ఎంతరా ఇది?"

"తొమ్మిది వందల యాభై అండీ. పావు లీటరు."

లీటరు లెక్క కడితే మూడు వేల ఎనిమిది వందలు! విజయవాడ ఆటోనగర్‌లో నేను పనిలో చేరినప్పుడు మా గురువు ఇచ్చిన రెండేళ్ల జీతం కలిపినా అంత కాదు. ఆ రెండేళ్లలో నేను గేర్ బాక్సులు దించాను, కడిగాను, మోశాను, గురువు చేత తిట్లు తిన్నాను. వీడేమో ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో చూసి రోగమేంటో, మందేంటో తేల్చుకొనే వచ్చాడు. ఇక నేనెందుకు? పొయ్యడానికి.

మా రోజుల్లో గేరు పడకపోతే ముందు డ్రైవర్‌ని అనుమానించేవాళ్లం, తర్వాత క్లచ్‌ని, ఆ తర్వాతే బాక్సుని. ఆయిల్ వంతు చివర్లో వచ్చేది. ఇప్పుడు వరస తిరగబడింది. డ్రైవర్ని ఏమన్నా అంటే ఓనర్‌కి కోపం, ఎందుకంటే డ్రైవర్లు దొరకట్లేదు. క్లచ్ దించమంటే రెండు రోజులు బండి ఆగుతుంది, కిస్తీ ఆగదు. అందుకని అందరికీ సీసా ముద్దు.

అసలు అప్పట్లో గేరు వెయ్యడమే ఒక విద్య. జంషెడ్‌పూర్‌లో 1954లో టాటా వాళ్లూ బెంజ్ వాళ్లూ కలిసి మొదలుపెట్టిన లారీలు ఆ ఒప్పందం 1969లో ముగిశాక కూడా ఏళ్ల తరబడి మా షెడ్డుకి వస్తూనే ఉండేవి. ఆనాటి లారీల్లో చాలావాటికి సింక్రోలు లేవు. క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదిలి, ఎక్సలేటర్ ఒక్కసారి గుర్రుమనిపించి, మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు వెయ్యాలి. డబుల్ క్లచ్ అంటే అది. ఎక్సలేటర్ ఎంత ఇవ్వాలన్నది ఏ మీటరూ చెప్పదు, చెవి చెప్పాలి. పళ్ల వేగం కలిసిందా, రాడ్ దానంతటదే లోపలికి జారేది. కలవలేదా, ఆ కీచుకి రోడ్డు పక్క టీకొట్టు జనమంతా తలెత్తి చూసేవాళ్లు. నేను క్లీనర్‌గా వెళ్లిన మొదటి ట్రిప్పులో మా డ్రైవర్ పెద్దాయన నన్ను స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు. "కళ్లు మూసుకుని కూర్చో. నేను ఏ గేర్లో ఉన్నానో చెప్పు" అన్నాడు. ఏలూరు దాటేదాకా అదే పరీక్ష. తప్పు చెప్పినప్పుడల్లా తువ్వాలుతో నెత్తి మీద ఒకటి.

మారేడుమిల్లి ఘాట్‌లో చింతూరు వైపు దిగేటప్పుడైతే గేరు తప్పడం అంటే ప్రాణం మీదికొచ్చినట్టే. న్యూట్రల్‌లో పడి వేగం అందుకున్నాక మళ్లీ కింది గేరు దొరకదు. ఇక బ్రేకులూ మనమూ దేవుడూ. అందుకే పైనే గేరు వేసుకుని, ఇంజన్ బిగింపు మీద దిగేవాళ్లు. ఇప్పటి కుర్రాళ్లు కొందరు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టి దిగుతున్నారట. సరే, ఆ మాట మొదలుపెడితే ఈ పేజీలు చాలవు.

తర్వాత చిన్న బళ్లొచ్చాయి. 1986లో టాటా 407, ఇంచుమించు అదే కాలంలో జపాన్ వాళ్లతో కలిసి కట్టిన ఆల్విన్ నిస్సాన్‌లూ, డీసీఎం టొయోటాలూ. ఆల్విన్ నిస్సాన్ అయితే మన జహీరాబాద్ సరుకే. వీటితో పాటు మా షెడ్లలోకి సింక్రో బాక్సులు ఎక్కువగా రావడం మొదలైంది. గేరు మెత్తగా పడుతుంటే మొదట్లో మాకే నమ్మకం కుదరలేదు. నమ్మకం కుదిరేలోపు నేనే ఒక బాక్సు పాడుచేశాను. ఆ కథ చెప్పాలంటే ముందు సింక్రో ఏం చేస్తుందో చెప్పాలి.

సింక్రోలో ముఖ్యమైంది ఒక ఇత్తడి రింగు. మేం కోన్ అంటాం. మీరు రాడ్ నెట్టగానే ఆ రింగు వెళ్లి గేరుకున్న కోసు మీద ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడే గేరు వేగాన్ని పెంచో తగ్గించో సమానం చేస్తుంది. సమానమయ్యాకే పళ్లు కలుస్తాయి. డబుల్ క్లచ్‌లో డ్రైవర్ చెవీ కాలూ చేసిన పని ఇక్కడ ఈ రింగు చేస్తుందన్న మాట. రింగు లోపలి వైపు సన్నటి గాళ్లుంటాయి, వేలు పెడితే గోరుకి తగులుతాయి. మధ్యలో నిలిచిన ఆయిల్ పొరని చీల్చి పక్కకి నెట్టెయ్యడానికే అవి. ఆయిల్ పక్కకి పోతేనే పట్టు దొరుకుతుంది.

ఇప్పుడు చేదబావి గుర్తు తెచ్చుకోండి. గిలక కీచుమంటే ఇరుసుకి ఆముదం రాస్తాం. తాడుకి రాస్తామా? రాస్తే బిందె బావిలో ఉంటుంది, మనం గట్టు మీద వెల్లకిలా ఉంటాం. గేర్ బాక్సులో గిలకా ఉంది, తాడూ ఉంది. బేరింగులకీ గేరు పళ్లకీ జారుడు కావాలి. ఇత్తడి రింగుకి పట్టు కావాలి. రెంటికీ ఒకే ఆయిల్. ఆ ఆయిల్ తయారుచేసేవాడు రెండు వైపులా చూసుకుని, కొలత వేసుకుని, తన మందులేవో తను ముందే కలిపి డబ్బాలో పోస్తాడు. డబ్బాలోని ఆయిల్‌లో ఎడిటివ్‌లు లేవనుకోవడమే మొదటి తప్పు. మనం పైనుంచి ఇంకో పావు లీటరు జారుడు మందు పోస్తే ఇరుసుకి ఎంత మేలో దేవుడెరుగు, తాడుకి మాత్రం ఆముదమే. మాలిబ్డినం పొడి అనండి, టెఫ్లాన్ అనండి, పేరేదైనా అది చెయ్యగలిగింది ఒరిపిడి తగ్గించడమే కదా. రింగు ఒరుసుకోవాల్సిన చోట జారుతుంది, పళ్లు వేగం కలవకుండానే గుద్దుకుంటాయి. గేరు పడట్లేదని పోసిన మందుతో అసలే పడకుండా పోయిన బళ్లు నా చేతుల్లోంచి వెళ్లాయి.

ఇక నేను పాడుచేసిన బాక్సు. ఆయిల్ అప్పుడు పీపాలోంచి విడిగా కొలిచి పోసేవాళ్లం. తొంభై నంబరు అంటే తొంభై నంబరే, జీఎల్-4, జీఎల్-5 అన్న తేడా మాలో ఎంతమందికి తెలుసు? వెనక హౌసింగ్‌లో క్రౌను పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ నలుగుతాయి కాబట్టి దానికి జీఎల్-5 ఘాటు కావాలి. అందులో గంధకం, భాస్వరం మందులు జీఎల్-4 కంటే సుమారు రెట్టింపు. ఆ వాసన చొక్కాకి అంటితే రెండు ఉతుకులకి పోదు. మా ఆవిడ నా పని బట్టల్ని ఇంట్లోకి రానిచ్చేది కాదు, పెరట్లో జామచెట్టుకే తగిలించేది. ఆ హౌసింగ్ ఆయిల్ మిగిలితే, ఖరీదైంది కదా మంచిదే అయి ఉంటుందని, ఒక సింక్రో బాక్సులో పోశాను. కొన్నాళ్లకి బండి తిరిగొచ్చింది, రెండో గేరు కిర్రుమంటోందని. డ్రెయిన్ ప్లగ్ విప్పితే ఎండలో ఆయిల్ తళతళలాడుతోంది, పట్టుచీర జరీ కరిగించి పోసినట్టు. అది ఇత్తడి. గంధకం ఇత్తడిని తినేస్తుందని ఆ రోజు నాకు ఆయిల్ చెప్పింది, మనుషులెవరూ చెప్పలేదు. కోన్‌లు నా డబ్బుతో మార్చాను. ఈమధ్య ఇత్తడిని తినని జీఎల్-5లూ వస్తున్నాయట, మంచిదే. డబ్బా మీద రాసింది చదివి పోసేవాళ్లు మాత్రం రావట్లేదు.

మా రోజులన్నీ హరిశ్చంద్రుడి రోజులేం కావు. ఆ మాట కూడా చెప్పాలి. బాక్సు ఏడుస్తుంటే అమ్మకానికి పెట్టే ముందు ఆయిల్‌లో రంపపు పొట్టు కలిపి చల్లబరిచినవాళ్లున్నారు. కొన్నవాడు గూడూరు చేరేలోపే ఏడుపు మళ్లీ మొదలయ్యేది. అరిగిన బాక్సులో తొంభై బదులు నూట నలభై నంబరు పోసి చప్పుడు తొక్కిపెట్టడం నేనూ చేశాను. చప్పుడు తగ్గేది, పొద్దున్నే గేరు పడాలంటే మాత్రం కుస్తీ. టాప్ గేరు ఎగిరిపోయే బళ్లకైతే విజయవాడ నుంచి విశాఖ దాకా క్లీనరే ఎడిటివ్. రాడ్‌ని కాలితో తన్నిపెట్టి కూర్చోవాలి. నా ఎడమ మోకాలు నొప్పికి డాక్టరు వయసు కారణం అంటాడు. నాకు తెలుసు కారణం.

కాకపోతే అప్పట్లో మోసం చేసేవాడికి తను చేసేది మోసమని తెలుసు. ఇప్పుడది మెరిసే సీసాలో, గ్యారంటీ కార్డుతో వస్తోంది. ఆ మధ్య ఒక సేల్స్ కుర్రాడు టై కట్టుకుని మా వీధిలోకే వచ్చాడు. బల్ల మీద చిన్న మోటారు, తిరిగే ఉక్కు చక్రం, దాని మీద బేరింగు ముక్కని అదిమే పొడుగాటి కమ్మీ. మామూలు ఆయిల్ పోసి కమ్మీ మీద బరువు వేస్తే కీచుమని మోటారు ఆగింది. తన మందు రెండు చుక్కలు వెయ్యగానే ఎంత బరువు వేసినా ఆగలేదు. చుట్టూ చప్పట్లు. నేను ఒక్కటే అడిగాను: "బాబూ, నీ చక్రం అరగలేదు, సంతోషం. ఇందులో గేరు ఎక్కడ మార్చావు?" వాడు నవ్వి కార్డు చేతిలో పెట్టాడు. లోహం లోహాన్ని రాసుకుంటే గీత పడుతుందా లేదా అన్నది ఆ యంత్రం చెబుతుంది. ఇత్తడి రింగు పట్టు గురించి దానికేం తెలుసు?

అమెరికాలోనూ ఇదే భాగోతమట. టెఫ్లాన్ కలిపిన ఒక ఇంజన్ ఆయిల్ మందు ప్రకటనలకి ఆధారాల్లేవని 1996లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫిర్యాదు వేసిందని మా మనవడు చదివి చెప్పాడు. వాళ్ల పెద్ద ట్రక్కుల్లో పేరున్న ఈటన్ ఫుల్లర్ గేర్ బాక్సుల ఆయిల్ పుస్తకంలోనూ ఎడిటివ్‌లు కలపొద్దనే ఉందట. మనకీ బండితో పాటు పుస్తకం ఇస్తారు. అది డాష్‌బోర్డులో పాలిథిన్ కవరు విప్పకుండా, మీద అగరొత్తుల ప్యాకెట్టుతో భద్రంగా ఉంటుంది.

మరి పోశాక గేర్లు బాగా పడ్డాయనే వాళ్లంతా అబద్ధాలాడుతున్నారా? లేదు. వాళ్లలో చాలామంది ఆ సీసా పోసేటప్పుడే లక్ష కిలోమీటర్ల పాత ఆయిల్ మార్చి కొత్తది పోయించుకుంటారు. కొందరి బాక్సులో ఆయిల్ సీలు కారి సగమే ఉంటుంది, దాన్నీ నింపుతారు. కొత్త ఆయిల్ చేసిన మేలు సీసా ఖాతాలో పడుతుంది. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదన్న ముసలమ్మ సంగతే. డిసెంబర్‌లో లంబసింగి వైపు కూరగాయలకి వెళ్లే బళ్లకి తెల్లారుజామున రెండో గేరు మొండికెయ్యడం నిజమే. నాలుగైదు కిలోమీటర్లు నడిచాక అదే సర్దుకుంటే ఆయిల్ చిక్కదనమే కారణం. దానికి పుస్తకంలో చెప్పిన పల్చటి గ్రేడు ఉంది, సింథటిక్ ఉంది. అవి నిజంగా పనిచేస్తాయి. ఈ విషయంలో మా రోజులకంటే ఈ రోజులే మేలని ఒప్పుకుంటాను, పళ్లు కొరుక్కుంటూ.

కుర్రాడి దగ్గరికొద్దాం. బండి స్టార్ట్ చెయ్యమన్నాను. "క్లచ్ అడుక్కంటా తొక్కు. తొక్కే ఉంచి పది లెక్కపెట్టు. ఇప్పుడు రివర్స్ వెయ్." కిర్ర్‌మంది. ఇంజన్ ఆపి వెయ్యమన్నాను. నిశ్శబ్దంగా పడింది. క్లచ్ తొక్కినప్పుడు ప్లేటు పూర్తిగా విడిపోతే పది లెక్కపెట్టేలోపు బాక్సులో షాఫ్టు తిరగడం ఆగాలి. ఆగలేదంటే ప్లేటు ఇంకా ఫ్లైవీల్‌ని అంటుకునే ఉంది. బాక్సులో అమృతం పోసినా ఆ షాఫ్టు ఆగదు. కింద దూరి చూస్తే క్లచ్ గొట్టం నట్టు దగ్గర తడి. లైన్లో ఎయిర్ పట్టింది. నట్టు మార్చి బిగించి, బ్లీడర్‌కి ట్యూబు పెట్టి, కుర్రాడి చేత తొక్కిస్తూ వదిలిస్తూ ఎయిర్ తీశాను. సోడా బుడగల్లా వచ్చి వచ్చి, చివరికి తీగలాంటి ఆయిల్ ధార పడింది. గంట పని. మూడు వందలు తీసుకున్నాను.

చేతులు కడుక్కోడానికి వెనక్కి వెళ్లి వచ్చేసరికి ఖాళీ సీసా నేల మీద దొర్లుతోంది. వాడు బాక్సు పక్కనుంచి పాక్కుంటూ లేచాడు. "కొన్నాను కదండీ, వేస్ట్ ఎందుకని" అన్నాడు. రివర్స్ వేసి చూశాడు. చప్పుడు లేదు. మొహం మందారమైంది. దండం పెట్టి వెళ్లిపోయాడు.

నిన్న ఇద్దరు డ్రైవర్లు వచ్చారు. "మేస్త్రీ గారూ, మావాడి బండికి మీరు పోసిన ఆ నల్ల సీసా ఎక్కడ దొరుకుతుందండీ?"