లీబిగ్ పతక గ్రహీతలకు నిండు స్తుతి

జర్మన్ రసాయనవేత్తల సంఘం చేతుల మీదుగా లీబిగ్ పతకం అందుకున్న మహనీయులారా! సత్యవేడు నుంచి మీకు ఈ స్తుతి. తమిళనాడు సరిహద్దున ఉన్న ఊరు మాది. 1960 దాకా చెంగల్పట్టు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. కొలిచే వేల్పునైనా నిలదీసి కొలవడం తెలుగువాళ్ళకు పాత అలవాటు. కృష్ణాతీరాన శ్రీకాకుళాంధ్ర విష్ణువును కాసుల పురుషోత్తమ కవి తన ఆంధ్రనాయక శతకంలో అలాగే కొలిచాడు. మీరు దేవుళ్ళు కారు. కానీ మీరు చేసిన పని మా కయ్యల దాకా, మా ఒంట్లోని నెత్తురు దాకా వచ్చింది. అందుకే మీకూ ఆ మర్యాదే చేస్తున్నాను. ఇందులోని ప్రతి పొగడ్తా నిజం. నింద వినిపిస్తే, అది మీరు చేసిన పనుల్లోంచి వినిపిస్తున్నదే.

ముందుగా, పతకానికి పేరిచ్చిన పెద్దాయనకు నమస్కారం. యుస్టుస్ ఫాన్ లీబిగ్ 1803లో పుట్టాడు. మొక్క నేల నుంచి ఏమేం తీసుకుంటుందో లెక్కగట్టి, సేద్యాన్ని రసాయనశాస్త్రంతో ముడివేశాడు. అన్ని పోషకాలూ పుష్కలంగా ఉన్నా ఒక్కటి కొరవడితే పంట ఆ ఒక్కదాని మేరకే పండుతుందన్న సూత్రాన్ని లోకమంతా చాటాడు. ఆయన శతజయంతి ఏడాది, 1903లో, ఈ పతకం పుట్టింది. కిణ్వప్రక్రియ గుట్టు విప్పిన బుక్నర్, సిఫిలిస్‌కు మందు కనిపెట్టిన ఎర్లిష్ వంటివారు దీన్ని అందుకున్నారు. వారికి ఊరికే దండం పెట్టి ముందుకు సాగుతాను. నేను ఆగవలసింది మా నేలను తాకినవారి దగ్గర.

బేయర్ మహాశయా, తొలి పతకం మీదే. 1865లో నీలి మీద పని మొదలుపెట్టి, 1880లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి, 1883లో దాని అణువు నిర్మాణాన్ని తేల్చారు. ఒక్క రంగు కోసం పద్దెనిమిదేళ్ళు పట్టువిడవని ఆ ఓర్పుకు చేతులెత్తి మొక్కాలి. మీ పద్ధతి ఖర్చుతో కూడినదైతే, హాయ్‌మన్ వేసిన దారిలో బీఏఎస్ఎఫ్ కంపెనీ 1897లో కృత్రిమ నీలిని బజారుకు తెచ్చింది. దాన్ని కర్మాగారపు సరుకుగా మలచడంలో ముఖ్యుడైన క్నీట్ష్‌కు 1904లో ఇదే పతకం దక్కింది.

అప్పటికి కడప, నెల్లూరు, ఆర్కాటు సీమల్లో మా రైతులు నీలి పండిస్తున్నారు. మొక్క కోసి తొట్లలో నానబెట్టి, ఆ నీటిని చిలికి, అడుగున దిగిన నీలిని ఆరబెట్టేవారు. నీలి కూడా జనుము, వెంపలి లాంటిదే. గాలిలోని నత్రజనిని వేళ్ళ బుడిపెల్లో నిలుపుకునే జాతి. రంగు దిగాక మిగిలిన పిప్పి మంచి ఎరువు. ఒకే మొక్క చేతికి డబ్బూ ఇచ్చేది, మడికి సత్తువా ఇచ్చేది. మీ నీలి చౌకగా, ఎప్పుడూ ఒకే నాణ్యతతో వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి మా నీలి సాగు చితికిపోయింది. మీ లెక్కలో ఒక్క పరమాణువు కూడా తప్పిపోలేదు మహాశయా. తొట్టి దగ్గర నిలబడ్డ మనిషి మాత్రం ఆ లెక్కలోకి రానే లేదు. అతనికి బదులు బతుకు చూపాలన్న ఆలోచన మీ కంపెనీలకూ రాలేదు, మమ్మల్ని ఏలుతున్న దొరతనానికీ రాలేదు.

హేబర్ మహాశయా, ఇప్పుడు మీకు. 1914 పతకం మీది. మీ గొప్పతనం గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గాలిలో 78 శాతం నత్రజనే. కానీ దాని రెండు పరమాణువులు ఎంత గట్టిగా పెనవేసుకుని ఉంటాయంటే, మొక్క దాన్ని నేరుగా అందుకోలేదు. గొప్ప ఒత్తిడి, వేడి, తగిన ఉత్ప్రేరకం కలిపి, 1909లో కార్ల్స్‌రూహేలో ఆ నత్రజనిని అమోనియాగా మార్చి చూపించారు. 1919లో ఈ పతకం అందుకున్న బాష్ దాన్ని కర్మాగారంగా నిలబెట్టాడు. చౌకైన ఇనుప ఉత్ప్రేరకం కోసం మిట్టాష్ బృందం వేలాది ప్రయోగాలు చేసింది. 1913లో ఓప్పావులో అమోనియా కర్మాగారం నడవసాగింది. ఈనాడు మనుషుల ఒంట్లో ఉన్న నత్రజనిలో సుమారు సగం మీ ఇద్దరి పద్ధతి నుంచి వచ్చిందేనని అంచనా. 45 కిలోల యూరియా మూటలో నత్రజని 20 కిలోలకు పైచిలుకు. సత్యవేడు చుట్టుపక్కల చెరువుల కింద, బోర్ల కింద నాట్లు వేసే రైతు ఆ మూట కోసం ఎదురుచూస్తాడు. పిల్లల కంచంలో అన్నం నిండడంలో మీ చేయి ఉంది. నేను తిన్న అన్నానికి నేను కృతఘ్నుణ్ణి కాను.

అంతటి చేయి కనుకనే ఈ మాట చెప్పాలి. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర, వేలాది సిలిండర్ల మూతలు విప్పి, దాదాపు 150 టన్నుల క్లోరిన్‌ను గాలి వాటున శత్రువుల కందకాల మీదికి వదిలారు. ఆ పథకం మీది. యుద్ధరంగానికి స్వయంగా వెళ్ళి ఏర్పాట్లు చూశారు. గాలి ఎటు వీస్తుందో, విషం ఎంత సేపు నిలుస్తుందో మీకన్నా బాగా తెలిసినవారు లేరు. మీ నైపుణ్యంలో ఇక్కడా లోటు లేదు. నాలుగు రోజుల తర్వాత అదే పోరులోకి దిగిన లాహోర్ డివిజన్‌లోని మన దేశపు సైనికులు కూడా ఆ విషం పీల్చారు. తడి గుడ్డ ముక్కుకు కట్టుకోవడం తప్ప వారికి రక్షణ లేదు.

మీ ఇంట్లోనే ఇంకో రసాయనవేత్త ఉండేది. బ్రెస్లావు విశ్వవిద్యాలయంలో 1900లో డాక్టరేట్ అందుకున్న క్లారా ఇమ్మర్‌వార్, మీ భార్య. 1915 మే 2న మీ సైనిక పిస్తోలుతోనే ఆమె ప్రాణం తీసుకుంది. ఆమె మనసులో ఏముందో పూర్తిగా చెప్పగలవారు లేరు, నేనూ చెప్పను. ఆ వెంటనే మీరు తూర్పు యుద్ధరంగానికి బయలుదేరారన్నది మాత్రం చరిత్రలో ఉంది. దేశం పిలిస్తే ఇల్లు మరిచిన మీ దేశభక్తిని కాదనను. ఆ దేశమే 1933లో, యూదు కుటుంబంలో పుట్టిన మిమ్మల్నే, మీ సంస్థలోని యూదులను తీసేయమంది. మీరు రాజీనామా చేశారు. మరుసటి ఏడాది జనవరిలో బాజెల్‌లో కన్నుమూశారు. మీ సంస్థలో పురుగుల నివారణకు సాగిన పనిలోంచి పెరిగిన జిక్లాన్ విషాన్ని ఆ తర్వాత నాజీలు మనుషుల మీద వాడారు. మీ బంధువులు కూడా ఆ మారణకాండకు బలయ్యారు. ఇది మీరు కోరినది కాదు. కానీ మనిషిని పీల్చే గాలితో చంపవచ్చని ఒక దేశానికి చూపినవారిలో మొదటి వరుస మీది.

బాష్ మహాశయా, మీ దక్షతకూ వందనం. యూదు శాస్త్రవేత్తలను వెళ్ళగొట్టవద్దని హిట్లర్‌కే నేరుగా చెప్పిన మీ ధైర్యానికి మరో వందనం. కానీ ఓప్పావులో 1921 సెప్టెంబర్ 21న ఎరువుల గోదాము పేలి 500 మందికి పైగా చనిపోయారు. గడ్డకట్టిన ఎరువును పేలుడు మందు పెట్టి వదులు చేయడం అక్కడ రోజువారీ పని. కూలీలు ఎంతటి ప్రమాదం పక్కన నిలబడుతున్నారో కర్మాగారం సరిగా కొలవలేదు. మీరు తొలి సారథిగా నిలబెట్టిన ఐజీ ఫార్బెన్ కంపెనీ, మీరు పోయాక ఆష్విట్స్ నాజీ శిబిరం పక్కన ఖైదీల చెమటతో కర్మాగారం కట్టింది.

1914లో పతకం ఇచ్చినవారికి 1915 ఎలా ఉంటుందో తెలియదు. వారిని తప్పుపట్టను. కానీ హేబర్‌కు 1918 నోబెల్ బహుమతిని 1919లో ప్రకటించినప్పుడు ఈప్ర్ సంగతి లోకమంతటికీ తెలుసు. లీబిగ్ సూత్రాన్ని ఆయన పతక గ్రహీతలకే వర్తింపజేయాలని అందుకే అంటున్నాను. తెలివి, పట్టుదల, ధనం, రాజాదరణ మీకు పుష్కలంగా ఉన్నాయి. మీ పని ఎవరి మీద పడుతుందో చూసే మనసు ఒక్కటే కొరవడింది. పంట ఆ కొరత మేరకే పండింది. పుష్కలంగా ఉన్నవాటినే లెక్కగట్టి మెడలో పతకం వేసినవారు లీబిగ్‌ను సగమే చదివారు.

మేమూ సగమే చదువుతున్నాం. మా ఇంటర్ పిల్లలు హేబర్ పద్ధతిని ఉష్ణోగ్రత, పీడనం, ఉత్ప్రేరకం పేర్లతో సహా అప్పజెప్పి మార్కులు తెచ్చుకుంటారు. ఆ పిల్లల్లో కొందరు రేపు పక్కనే శ్రీసిటీ కర్మాగారాల్లో చేరతారు, కొందరు రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తారు. అమోనియా పాఠం చెప్పిన రోజే ఈప్ర్, ఓప్పావు సంగతులు కూడా వారికి చెప్పాలి. నీలి అణువు బొమ్మ గీసిన పేజీలోనే కడప రైతు తొట్టి గురించి రాయాలి. యూరియా మోతాదు చెప్పేటప్పుడు జనుము, జీలుగ, పిల్లిపెసర గురించి, మితిమీరి చల్లితే నీళ్ళలోకి దిగే నైట్రేట్ గురించి కూడా చెప్పాలి. మహనీయులారా, మీలో సగాన్ని దాచి పొగిడితే మీకూ అవమానం, మా పిల్లలకూ ద్రోహం. మిమ్మల్ని నిండుగా స్తుతించడం నేర్చుకున్న పిల్ల ఎవరైనా రేపు మీ అంత ఎత్తుకు ఎదిగితే, పతకం పుచ్చుకునే ముందు తన పని ఎవరి మీద పడిందో వెళ్ళి చూసి వస్తుంది.