ఎక్స్‌రే ఫిల్ము ఆత్మకథ

నేను ఛాతీ ఎక్స్‌రే ఫిల్మును. ప్లాస్టిక్ పలక మీద వెండి లవణాలు పూసి నన్ను తయారుచేశారు. 1895లో రాంట్‌జెన్ కనిపెట్టిన కిరణాలు తగిలినచోట నల్లబడతాను, ఎముక అడ్డుపడినచోట తెల్లగా మిగులుతాను. గాలి నిండిన ఊపిరితిత్తులు నాలో నల్లగానే కనిపించాలి.

కామాటిపురలో బీడీలు చుట్టే ఒక అవ్వ కోసం పుట్టాను. బొంబాయికి వచ్చి రాళ్లు మోసి, ఇళ్లు కట్టిన తెలుగు కామాటీల పేరే ఆ పేటకు మిగిలింది. అవ్వ ఊపిరితిత్తుల్లో రెండు పక్కలా గుండ్రటి తెల్లమచ్చలు. వాటిలో ఒక్కటీ దాచకుండా చూపించాను. ఆ గర్వం నాకుంది.

దగ్గు వినగానే చాల్‌లోని ఇరుగుపొరుగంతా టీబీ అంది. నన్నొక్కదాన్నే పట్టుకుని సందు చివరి దవాఖానకు పోయారు. ఏళ్ల కిందట రొమ్ములో గడ్డ తీసినప్పటి బయాప్సీ కాగితం ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది. "అది ఎవ్వరికీ చూపియ్యకు బిడ్డా, మనుమరాలి పెండ్లి ఆగిపోతది" అని అవ్వే కూతురి నోరు కట్టేసింది. నెలల తరబడి టీబీ మాత్రలు మింగింది. నేను పరుపు కింద వానాకాలపు చెమ్మకు అట్టలు కట్టాను. గ్రహణం నాడు పిల్లలు నన్ను కళ్లకు అడ్డం పెట్టుకున్నారు. సూర్యుడి నుంచి కళ్లను కాపాడే శక్తి నాకు లేదని చెప్పలేక విలవిల్లాడాను.

మచ్చలు చూపగలను గానీ అవి ఎక్కడి నుంచి వచ్చాయో నేనొక్కదాన్నే చెప్పలేను. ఒంట్లో తిరిగిన రక్తం ఊపిరితిత్తుల గుండా పోక తప్పదు. రొమ్ము నుంచి దానితో కొట్టుకొచ్చిన క్యాన్సర్ కణాలు అక్కడి సన్నని నాళాల్లో చిక్కి పెరుగుతాయి. ఎక్కడ పెరిగినా అది రొమ్ము క్యాన్సరే, చికిత్సా దానిదే. టీబీలా అంటుకోదు.

చివరికి కూతురే పెట్టె తెరిచింది. కాగితాలన్నీ నాతో కట్టకట్టి, 1941 నుంచి పరేల్‌లో ఉన్న టాటా మెమోరియల్‌కు తెచ్చింది. అక్కడ సీటీ తీశారు, మచ్చలోంచి ముక్క తీసి పరీక్షించారు. పూర్తిగా పోదు, అదుపులో పెట్టవచ్చన్నారు. హార్మోన్ మాత్రలతో అవ్వకు ఆయాసం తగ్గింది, కొంతకాలం మళ్లీ గడప దాటి నడిచింది. ఆ కాలం ముందే మొదలై ఉండాల్సింది.

అవ్వ పోయాక నన్ను పాతసామాన్లు కొనే భంగార్‌వాడికి తూకానికేశారు. నాలోని వెండికి ఇంకా ధర ఉందట. నేను చూపిన నిజానికే ఆ ఇంట్లో చోటు లేకపోయింది. క్యాన్సర్ వచ్చిపోయిన మనిషికి దగ్గో ఆయాసమో తగ్గకుంటే, పాత కాగితాలతో కలిపి నన్ను డాక్టరు ముందు పెట్టండి. ఎవరి పెండ్లి కోసం ఆ కాగితం దాచారో, ఆ మనుమరాలికి కూడా చెప్పండి. అమ్మమ్మకు రొమ్ము క్యాన్సర్ ఉండేదన్న సంగతి రేపు ఆమె డాక్టరుకు తెలిసి తీరాలి.