గామా నైఫ్ అయ్యాక గాభరా పడటం ఎలా?

చెవి నరం మీది గడ్డకు, అదే అకౌస్టిక్ న్యూరోమాకు, గామా నైఫ్ రేడియేషన్ చేయించుకున్నారు. ఏడాదిలోపు ఎంఆర్ఐలో గడ్డ 2 మిల్లీమీటర్లు పెరిగింది. వెంటనే రిపోర్టు ఫొటో తీసి వాట్సాప్‌లో చుట్టాలందరికీ పంపండి. రేడియేషన్ తగిలిన గడ్డ మొదట్లో వాచి, తర్వాత మెల్లగా తగ్గడం తరచూ జరిగేదేనని, ఒక్కోసారి రెండు మూడేళ్లు కనిపెట్టి చూడాలని డాక్టరు చెబుతారు. పట్టించుకోకండి. స్టాక్‌హోమ్‌లో సర్జన్ లార్స్ లెక్సెల్ 1969లో ఈ గడ్డ మీద మొదలుపెట్టిన వైద్యం ఇది. డాక్టర్లకు అన్నేళ్ల అనుభవం ఉంటే మీకు పెద్ద బావగారున్నారు.

వేరే డాక్టరును అడగడానికి వెళ్తే ఆఖరి రిపోర్టు ఒక్కటే పట్టుకెళ్లండి. పాత సీడీలు, గడ్డ అంచుకు రేడియేషన్ 12 గ్రేలు ఇచ్చారో 13 ఇచ్చారో రాసిన కాగితం బీరువాలోనే ఉండనివ్వండి. అవన్నీ వరుసగా పెట్టి చూస్తే గడ్డ ఒకసారి వాచి ఆగిందా, ప్రతి స్కానుకూ పెరుగుతూనే ఉందా అన్నది తేలిపోతుంది. తేలిపోతే ఇక రాత్రుళ్లు మేలుకుని ఆలోచించడానికి ఏం మిగులుతుంది?

గడ్డ పెరుగుతూనే ఉండి ఆపరేషన్ దాకా వస్తే, సర్జన్‌ను ప్యాకేజీ ఎంత, డిశ్చార్జి ఎప్పుడు అని మాత్రమే అడగండి. రేడియేషన్ తర్వాత గడ్డ ముఖ నరానికి గట్టిగా అతుక్కుని ఉండొచ్చు. నరం దెబ్బతినకుండా కొందరు సర్జన్లు దాని మీద కొంచెం గడ్డను కావాలనే వదిలేస్తారు. అలాంటివారు మనకెందుకు? “మొత్తం ఊడబెరికేస్తా” అన్నవారే మొనగాళ్లు. మూతి వంకరపోతుందా, కన్ను మూతపడకుండా పోతుందా అని అడగడం అపశకునం. రేడియేషన్ అయిన గడ్డలకు ఇదివరకు ఎన్ని ఆపరేషన్లు చేశారని అడగడం మరీ అమర్యాద. లోపలి చెవిని తొలుచుకుంటూ వెళ్లే పద్ధతిలో ఆ చెవికి మిగిలిన వినికిడి పూర్తిగా పోతుంది. ముందే ఆడియోగ్రామ్ తీయించుకుంటే పోయేదెంతో తెలిసిపోతుంది కాబట్టి దాని జోలికి వెళ్లకుండానే సంతకం పెట్టండి.

కొందరికి రెండోసారి గామా నైఫ్ కూడా చేస్తారు. పక్కింటి బాబాయి వద్దన్నాక ఇంకా చర్చేమిటి?

అన్నట్టు, తలనొప్పి పెరిగి, నడక తూలి, మతిమరుపు వచ్చి, మూత్రం ఆపుకోలేకపోతుంటే మాత్రం కంగారు పడకండి. వయసని సరిపెట్టుకోండి. మెదడులో నీరు చేరిందేమో స్కానులో త్వరగానే కనబడుతుంది, ఆ నీటిని మళ్లించే గొట్టం, అంటే షంటు, వేస్తే నడక కుదుటపడే అవకాశమూ ఉంది. అయినా తొందరేముంది, సంక్రాంతి వెళ్లాక చూద్దాం లెండి.