ఇరవయ్యారో కిలో

2022 ఆగస్టు 1న లోక్‌సభలో ధరల మీద చర్చ నడుస్తుండగా తృణమూల్ సభ్యురాలు కాకోలీ ఘోష్ దస్తీదార్ ఒక వంకాయ తీసి పచ్చిగానే కొరికేశారు. గ్యాస్ బండ ధర చూస్తే పొయ్యి వెలిగించే యోగం లేదు, ఇలాగే నమలమంటారా అన్నది ఆమె ప్రశ్న. జవాబు చెప్పాల్సిన ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ పుట్టింది మదురైలో అయినా మెట్టింది నరసాపురం వారింట. గుత్తి వంకాయకు ప్రాణమిచ్చే గోదావరి కోడలి సభలో వంకాయకు ఇంత అపచారమా అని ఏదో ఒక చురక పడుతుందని తెలుగువాళ్లు ఆశపడి ఉండొచ్చు. మంత్రి వంకాయ జోలికే పోలేదు. దేశం మాంద్యంలోకి జారే ప్రసక్తే లేదని, యూపీఏ ఏలుబడిలో ధరలు ఇంతకంటే మండాయని చెప్పి కూర్చున్నారు. అడిగింది గ్యాస్ గురించి, దొరికింది చరిత్ర పాఠం.

కూరగాయలకీ ఆమెకీ అంతకుముందే ఒక పేచీ ఉంది. 2019 డిసెంబరు 4న ఆమె జవాబు చెబుతుండగా ఎవరో అడ్డుపడి మీరు ఉల్లిపాయ తింటారా అన్నారు. తాను ఉల్లి, వెల్లుల్లి అంతగా తిననని, వాటితో పెద్దగా పనిలేని కుటుంబం నుంచి వచ్చానని మంత్రి బదులిచ్చారు. అప్పటికి కిలో ఉల్లి వంద దాటింది. ఆంధ్రలో రైతుబజార్ల ముందు 25 రూపాయల ఉల్లి కోసం జనం బారులు తీరారు. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదనుకునే జాతికి ఈ జవాబు మింగుడుపడుతుందా? నిజానికి దిగుమతుల గురించి, నిల్వల మీద పెట్టిన పరిమితుల గురించి అదే ప్రసంగంలో ఆమె చాలా వివరాలే ఇచ్చారు. అవి ఒక్కరికీ గుర్తులేవు. తినను అన్న ఒక్క ముక్కే మిగిలింది.

చూడబోతే ప్రశ్నోత్తరాల సమయం తప్పించుకోవడానికి వీలున్న చోటు కాదు. సభ్యుడు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇస్తాడు. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలకు చుక్క గుర్తు పడుతుంది. వాటికి మంత్రి లేచి నిలబడి నోటితో చెప్పాలి, అనుబంధ ప్రశ్నలనూ కాచుకోవాలి. మరో 230 ప్రశ్నలకు రాతపూర్వక జవాబులు వస్తాయి. ఇంత పకడ్బందీ ఏర్పాటుకు విరుగుడు అధికారులు ఏనాడో కనిపెట్టారు. ప్రశ్నలో (ఎ), (బి), (సి), (డి) అని నాలుగు భాగాలుంటే, జవాబులో "(ఎ) నుంచి (డి) వరకు: ఒక ప్రకటన సభ ముందు ఉంచడమైనది" అని ఉంటుంది. అడిగినవాడు తన (సి)కి జవాబు ఆ ప్రకటనలో ఎక్కడుందో వెతుక్కునేసరికి తర్వాతి ప్రశ్న పిలుస్తారు. అదీ కుదరకపోతే సమాచారం సేకరిస్తున్నాం అంటారు. అలా అన్న మాట హామీ కిందికి వస్తుంది, మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేరని హామీలను వెంటాడటానికి లోక్‌సభలో 1953 నుంచి ఒక కమిటీయే ఉంది. డెబ్బై ఏళ్లు దాటినా దానికి చేతినిండా పని ఉందంటే సమాచార సేకరణ ఎంత నిదానమైన విద్యో తెలుస్తుంది.

వంకాయ కొరికిన మర్నాడు రాజ్యసభలో మంత్రి ఇచ్చిన వివరణ ఈ విద్యలో మేలు రకం. శ్మశానంలో దహన సంస్కారానికి జీఎస్టీ లేదన్నారు. నిజమే. కొత్త శ్మశానం కట్టే కాంట్రాక్టుకు మాత్రం ఉంది. చెక్కుబుక్కు మీద ఖాతాదారుడికి పన్ను లేదన్నారు. అదీ నిజమే. బ్యాంకు ఆ పుస్తకాలను ముద్రాపకుడి దగ్గర కొన్నప్పుడు ఉంది. ఒక్క అబద్ధం లేదు. చచ్చినవాడు హాయిగా పన్ను లేకుండా వెళ్లిపోతాడు, అతన్ని కాల్చే దిమ్మె కట్టిన మేస్త్రీ బిల్లులో పన్ను కూర్చుంటుంది.

ఆ చర్చకు అసలు నిప్పు పెట్టింది జూలై 18. ఆ రోజు నుంచి సంచీ కట్టి, చీటీ అంటించి అమ్మే బియ్యం, పిండి, పెరుగు మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. బియ్యానికి 25 కిలోలు గీత. అంతవరకు పన్ను, దాటితే లేదు. పార్లమెంటులో ప్రతిపక్షం గొంతు చించుకుంటుండగా తెలుగునాట మిల్లర్లు మారుమాట లేకుండా 26 కిలోల బస్తా కుట్టారు. 25 కిలోల సంచి అలవాటైన ఇంట్లో ఇప్పుడు ఇంకో కిలో అదనంగా దిగుతోంది. చట్టం ఎక్కడా మీరలేదు, పైసా పన్ను కట్టలేదు. ఇన్ని చుక్క గుర్తు ప్రశ్నలు సాధించలేనిది ఒక గోనెసంచి సాధించింది. వస్తుసేవల పన్ను చరిత్ర రాసేవాళ్లు ఈ ఇరవయ్యారో కిలోకు ఒక అధ్యాయం కేటాయించడం న్యాయం.

బియ్యం మీద పన్నేమిటని అడిగితే మంత్రి దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి, జీఎస్టీకి ముందు రాష్ట్రాలు కూడా ధాన్యం మీద దండుకున్నవే. రెండు, ఇది జీఎస్టీ మండలి నిర్ణయం, అన్ని రాష్ట్రాలూ ఒప్పుకున్నాయి. రెండూ నిజాలే. కానీ మండలి ఓట్ల లెక్క కూడా నిజమే కదా. అక్కడ మూడో వంతు బరువు కేంద్రానిది, మిగతా రెండు వంతులు రాష్ట్రాలన్నిటిదీ కలిపి. ఏ తీర్మానమైనా నెగ్గాలంటే నాలుగింట మూడు వంతులు కావాలి. అంటే రాష్ట్రాలన్నీ ఒక్కటై చేతులెత్తినా కేంద్రం చెయ్యి లేవందే ఈగ కూడా లేవదు. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో కూర్చుని పాప్‌కార్న్‌ను మూడు కులాలుగా విడదీసిన మండలి ఇదే. అప్పటి లెక్కన ఉప్పూ మసాలా చల్లి విడిగా అమ్మితే 5 శాతం, ప్యాకెట్ కట్టి పేరేస్తే 12, కారమెల్ పూస్తే చక్కెర కలిసింది గనక మిఠాయి కింద 18. దేశమంతా నవ్వింది. నవ్వుతూనే కట్టింది.

బీమా సంగతి మరీ ముచ్చటైనది. జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం పన్ను తీసేయమని 2024 జూలైలో ఆర్థికమంత్రికి ఉత్తరం రాసింది ప్రతిపక్షం కాదు, పక్క కుర్చీలోని నితిన్ గడ్కరీ. ఆగస్టులో ఇండియా కూటమి ఎంపీలు పార్లమెంటు మెట్ల దగ్గర అట్టలు పట్టుకు నిలబడ్డారు. జీఎస్టీ రాకముందు కూడా ఈ పన్ను ఉందని, వసూళ్లలో ముప్పావు వంతు రాష్ట్రాలకే పోతుందని, ముందు మీ రాష్ట్రాల మంత్రులను అడిగారా అని ఆమె ఎదురు ప్రశ్న వేశారు. పదమూడు నెలలు గడిచాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత బీమా పాలసీల మీద పన్ను సున్నా అయింది. పన్నెందుకు అన్నప్పుడు రాష్ట్రాల వైపు చూపించిన వేలు, పన్ను తీసేసినప్పుడు అటు తిరగలేదు. అది ఎర్రకోట మీద ప్రధాని ముందే చెప్పిన దీపావళి కానుక అయింది, పొదుపు పండగ అయింది.

వేసినది అందరిదీ, తీసినది ఒక్కరిదీ. ఇంకా నయం, 2020లో రాష్ట్రాలకు పరిహారం ఇవ్వలేమన్నప్పుడు ఆ భారం మండలిలో ఓటే లేని దేవుడి మీదకు నెట్టారు. కరోనాను దైవ చర్య అన్నారు. నెల తిరక్కుండానే కాగ్ నివేదిక వచ్చింది. 2017-18, 2018-19ల్లో వసూలైన పరిహార సెస్సులో 47,272 కోట్ల రూపాయలు దాని నిధికి జమ కాలేదని, కేంద్రం ఖజానాలోనే ఉండిపోయాయని తేల్చింది. అది మళ్లింపు కాదు, లెక్కలు సరిచూసుకోవడానికి పట్టిన వ్యవధి అని ఆర్థికశాఖ వర్గాల సమాధానం. ఆ వ్యవధిలో మాత్రం దేవుడి పాత్ర ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు.

సెస్సు అన్నాక పెట్రోలు లెక్క చూడకపోతే ఎలా? 2021లో, హైదరాబాద్‌లో లీటరు వంద దాటిన రోజుల్లో, కేంద్రం పన్ను లీటరుకు 32 రూపాయల 90 పైసలు. అందులో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన మూల ఎక్సైజ్ సుంకం 1 రూపాయి 40 పైసలు. మిగతాదంతా రోడ్డు సెస్సు, వ్యవసాయ సెస్సు, ప్రత్యేక అదనపు సుంకం. రాజ్యాంగం ప్రకారం వీటిలో రాష్ట్రాలకు వాటా లేదు. రూపాయి నలభై పైసల్లో 41 శాతం రాష్ట్రాలది, అంటే 57 పైసలు. పదిహేనో ఆర్థిక సంఘం లెక్కన అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, తెలంగాణది 2.102. గుణించి చూస్తే లీటరుకు ఆంధ్రకు రెండు పైసల పైచిలుకు, తెలంగాణకు పైసా పైచిలుకు. పైసా నాణెం ఇప్పుడు చెల్లదు గనక సరిపోయింది, లేకపోతే ఢిల్లీ నుంచి మూట కట్టి పంపడానికి అయ్యే ఖర్చే ఎక్కువ.

సెస్సు డబ్బు కూడా పథకాల రూపంలో చివరికి రాష్ట్రాల్లోనే ఖర్చవుతుందని ఆమె సభలో వాదించారు. బడీ, రోడ్డూ ఆకాశంలో కట్టరు కాబట్టి అదీ కాదనలేం. రాష్ట్రాలు మాత్రం తక్కువ తిన్నాయా? తెలంగాణ 35.20 శాతం వ్యాట్, ఆంధ్ర 31 శాతం వ్యాట్‌తో పాటు లీటరుకు 4 రూపాయలు, పైన రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ఢిల్లీలో సెస్సు మీద ఉపన్యాసమిచ్చే పార్టీలు అమరావతిలో దాని జోలికి రావు.

పేర్ల గొడవ కూడా ఒకటుంది. 2024 జూలై బడ్జెట్ ప్రసంగంలో అమరావతికి 15,000 కోట్లు వినిపించాయి, తెలంగాణ మాటే వినిపించలేదు. లోక్‌సభ ఎన్నికల్లో గాడిద గుడ్డు బొమ్మతో ఊరేగిన తెలంగాణ కాంగ్రెస్‌కు కొత్త బొమ్మ వెతుక్కునే శ్రమ తప్పింది. పేరు చదవనంత మాత్రాన డబ్బు ఇవ్వనట్టు కాదని, యూపీఏ బడ్జెట్లలోనూ ఎన్నో రాష్ట్రాల పేర్లు లేవని మంత్రి జవాబు. పేరు వచ్చిన ఆంధ్రకు కూడా ఆ డబ్బు బహుపాక్షిక సంస్థల ద్వారా సమకూరుస్తామనే అన్నారు. వచ్చినవి ప్రపంచ బ్యాంకు, ఏడీబీల రుణాలు.

మంత్రినొక్కరినే అనడం ధర్మం కాదు. ప్రశ్న అడగడానికి డబ్బు పుచ్చుకున్నారని 2005 డిసెంబరులో 11 మంది ఎంపీలను బహిష్కరించారు. 2009 నవంబరు 30న ఉచితంగా అడగడానికి కూడా మనుషులు దొరకలేదు. ప్రశ్నలు వేసిన సభ్యుల పేర్లు పిలుస్తూ పోతే ఒకరి తర్వాత ఒకరు గైర్హాజరు, ప్రశ్నోత్తరాల సమయం మధ్యలోనే కూలిపోయింది. 2020 వర్షాకాల సమావేశాల్లో కరోనా పేరుతో ఆ సమయాన్నే ఎత్తేశారు. బార్లు తెరిచిన కాలంలో ప్రశ్నలకే అంటువ్యాధి భయం పట్టుకుంది.

పన్ను గురించి కనీసం కేకలు వినిపిస్తాయి. ఖర్చు వంతు వచ్చేసరికి అవీ ఉండవు. 2018 మార్చి 14న లోక్‌సభ బడ్జెట్ పద్దులనూ ఆర్థిక బిల్లునూ చర్చ లేకుండా గిలెటిన్ కింద పెట్టి ఆమోదించేసింది. 2023 మార్చి 23న మళ్లీ అదే వరస. అటు అదానీ మీద జేపీసీ వేయాలని ప్రతిపక్షం, ఇటు రాహుల్ గాంధీ క్షమాపణ చెప్పాలని అధికారపక్షం అరుచుకుంటుండగా, దాదాపు 45 లక్షల కోట్ల రూపాయల ఖర్చు నిమిషాల్లో గడప దాటింది. అందులో ఒక్క పద్దు మీద కూడా సభలో చర్చ జరగలేదు. ఉల్లిపాయకు దక్కిన సమయం కూడా దానికి దక్కలేదు.

ప్రశ్నకు పదును ఉన్న రోజులు లేకపోలేదు. 1957లో, ఎల్ఐసీ పుట్టిన మరుసటి ఏడే, దాని డబ్బు హరిదాస్ ముంద్రా కంపెనీల వాటాల్లోకి కోటీ పాతిక లక్షల వరకు ఎందుకు వెళ్లిందని లోక్‌సభలో ప్రశ్న పడింది. ఆర్థికశాఖ పొడిపొడిగా దాటేయబోయింది. ఊరుకోనిది ఫిరోజ్ గాంధీ, అధికారపక్ష సభ్యుడు, పైగా ప్రధానికి స్వయానా అల్లుడు. డిసెంబరు 16న ఆయన సభలో కాగితాలు ముందు పెట్టుకుని ఒక్కొక్కటే విప్పారు. జస్టిస్ చాగ్లా విచారణ జరిగింది. కార్యదర్శి చేసిన పనికి మంత్రి బాధ్యత తప్పదని ఆయన తేల్చారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు, ఆ ఏటి బడ్జెట్‌ను నెహ్రూయే చదవాల్సి వచ్చింది. ముంద్రా జైలుకు వెళ్లాడు. కృష్ణమాచారి 1963లో మళ్లీ ఆర్థికమంత్రి అయ్యారు. ఆ కార్యదర్శి హెచ్.ఎం. పటేల్ ఊరుకుంటారా, 1977లో జనతా ప్రభుత్వం రాగానే ఆయనా ఆర్థికమంత్రే అయ్యారు.