రెక్క కింద రాద్ధాంతం

పైలాన్ పంతుల్ని గుర్తుపట్టడం తేలిక. పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్నాయన మాట వరసకి "రష్యా విమానాలు మంచివేనంటావా అబ్బాయ్?" అన్నాడనుకోండి. మామూలు మనిషైతే "మంచివేలెండి" అని పప్పు కలుపుకుంటాడు. పంతులు కలిపిన ముద్దని విస్తట్లోనే వదిలేసి, "ఏ విమానమండీ? ఏ సంవత్సరం? ఏ బ్యాచ్?" అంటాడు. సాంబారు వచ్చి వెళ్లిపోతుంది. పెరుగూ వచ్చి వెళ్లిపోతుంది. ఆయన ఇంకా 1981లోనే ఉంటాడు.

పైలాన్ అంటే విమానం రెక్క కింద బాంబులూ రాకెట్లూ తగిలించే బిగింపు. దాని గురించి పాఠం చెప్పకుండా ఉండలేడు గనక ఆయన పైలాన్ పంతులు. పాతికేళ్లుండొచ్చు, నలభై ఉండొచ్చు. చదివింది ఇంజనీరింగ్, చేసేది ఇంటి నుంచే ఉద్యోగం. చీరాలలో పేరాల వైపో జాండ్రపేట వైపో మేడ మీద ఒక గది, అందులో మనిషి కంటే కంప్యూటరుకే ఎక్కువ గాలి తగిలేట్టు తిప్పి పెట్టిన ఫ్యాను. రాత్రి ఇంట్లోవాళ్లు పడుకోగానే వార్ థండరో డీసీఎస్సో తెరుస్తాడు. రెండూ విమానాలతో యుద్ధం చేసే ఆటలు. లక్షల మంది వాటిని గెలవడానికి ఆడతారు. మనవాడు తప్పులు పట్టడానికి ఆడతాడు.

ఆయన ఇలవేల్పు సు-25. సోవియట్ యూనియన్ కాలపు దాడి విమానం. 1975 ఫిబ్రవరి 22న మొదటిసారి ఎగిరింది. జార్జియాలోని తిబిలిసి ఫ్యాక్టరీలో తయారయ్యేది. ఆఫ్ఘనిస్తాన్ యుద్ధంలో పేరు తెచ్చుకుంది. రష్యన్లు ముద్దుగా 'గ్రాచ్' అంటారు, అదొక జాతి కాకి. పైలట్ కూర్చునే చోటు చుట్టూ టైటానియం తొట్టి, రెక్కల కింద పది పైలాన్లు, ముక్కు కింద రెండు గొట్టాల 30 మిల్లీమీటర్ల ఫిరంగి. ఆ ఫిరంగికి పట్టేవి 250 గుళ్లు. మీట నొక్కి పట్టుకుంటే అవన్నీ ఐదు సెకన్లలో అయిపోతాయి. ఆ ఐదు సెకన్ల మీద పంతులు ఐదు గంటలు మాట్లాడగలడు.

ఒక రాత్రి ఆయన ఆట చూద్దాం. నలుగురు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నారు. ఒకడు చీరాల, ఒకడు బాపట్ల, ఒకడు తెనాలి, నాలుగోవాడు డాలస్.

"మావా, ఎక్కడున్నావ్?"

"హ్యాంగర్లో."

"ఇంకా హ్యాంగర్లోనేనా! మేం లేచి కొండలు దాటేశాం."

"ఆగండ్రా. ఈ మిషన్ ఏ సంవత్సరం?"

"ఏ సంవత్సరమైతే ఏందిరా! కింద ట్యాంకులున్నాయ్, కొట్టాలి."

"ఏందంటే ఎట్టారా? ఆఫ్ఘన్ అయితే చివరి పైలాన్లకి పాత ఆర్-60 మిస్సైల్ తగిలించాలి. నువ్వు కొత్త ఆర్-73 తగిలించావ్."

"ఆర్-73 మంచి మిస్సైలే కదరా?"

"మంచిదే. అందుకే తగిలించకూడదు."

తెనాలివాడికి ఒళ్లు మండింది. "నీ గోల పడలేకపోతున్నాం. ఆ ఆర్-73ని విప్పి లారీకి కట్టి కాల్చేస్తా, అప్పుడు నీకు నిద్ర పడుతుందా?"

పంతులు పడీపడీ నవ్వాడు. "లారీ మీద ఆర్-73! ఒరే, అది రెక్క కింద నుంచి కాల్చేదిరా. లారీ అంట లారీ!" డాలస్‌వాడు ఆఫీసు మీటింగ్ టైమైందని గాల్లోనే దిగిపోయాడు. చివరికి పంతులు శాస్త్రోక్తంగా సిద్ధమయ్యాడు. నాలుగు గొట్టాల కట్టలు, ఒక్కో కట్టలో ఇరవై 80 మిల్లీమీటర్ల రాకెట్లు, రెండు అదనపు ఇంధనం ట్యాంకులు, చివర్లకి ఆర్-60లు. అలా ముస్తాబై గాల్లోకి లేచిన కాసేపటికే అవతలి జట్టులో ఎవడో ఎఫ్-16లో వచ్చి కూల్చేశాడు.

మిగతావాళ్లు తలలు పట్టుకున్నారు. పంతులు మాత్రం తృప్తిగా, "కరెక్టే కదరా" అన్నాడు. 1988 ఆగస్టు 4న పాకిస్తాన్ ఎఫ్-16 ఒకటి అలెగ్జాండర్ రుత్స్కోయ్ నడుపుతున్న సు-25ని కూల్చింది. ఆయన పారాచూట్‌తో దిగి, పట్టుబడి, విడుదలై, మూడేళ్లకి రష్యా ఉపాధ్యక్షుడయ్యాడు. ఆ చరిత్రంతా చెప్పి పంతులు ముగించాడు: "చచ్చినా రికార్డు ప్రకారం చచ్చానా లేదా?"

ఆయనతో వాదించి గెలవడం జరిగే పని కాదు, ఎందుకంటే సాక్ష్యాల చట్టం కూడా ఆయనే రాసుకున్నాడు. ఎదుటివాడు ఫలానా క్షిపణి తగిలించిన ఫొటో చూపిస్తే, అది ఎయిర్ షోలో పెట్టిన బొమ్మ. కంపెనీ బ్రోషరు చూపిస్తే, అమ్ముకునేవాడు ఏమైనా రాస్తాడు. అప్పటి పైలట్ ఇంటర్వ్యూ చూపిస్తే, పెద్దాయనకి వయసు మీద పడింది, మర్చిపోయుంటాడు. మ్యూజియంలో ఉందంటే, మ్యూజియం వాళ్లకేం తెలుసు. ఇక మిగిలేది ఒకటే: పంతులు దగ్గరున్న ఫొటో. అందులో విమానం సగమే పడింది, రెక్క కింద ఏదో నల్లగా ఉంది. ఆ నల్లటిది ఏమిటో ఆయనకి తెలుసు. చీరాల పక్కనే వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది, వందేళ్ల నాటి తెలుగు పత్రికలు వెతుక్కుంటూ పరిశోధకులు అక్కడికి వస్తారు. మనవాడూ వెళ్తాడు, సోవియట్ విమానాల మాన్యువల్ ఏమైనా ఉందాండీ అని అడగడానికి.

ఈ జబ్బు చీరాలలోనే పుట్టిందనుకోకండి. వార్ థండర్ ఆడేవాళ్లలో ఒకడు 2021లో బ్రిటన్ చాలెంజర్-2 ట్యాంకు ఆటలో తప్పుగా ఉందని నిరూపించడానికి రహస్య మాన్యువల్ పేజీలే బయటపెట్టాడు. అదే ఏడాది ఫ్రాన్స్ లెక్లెర్క్ ట్యాంకు కాగితాలు బయటికొచ్చాయి. మరుసటి ఏడాది చైనా ట్యాంకు గుండు వివరాల వంతు. గూఢచారులు ప్రాణాలకు తెగించి సంపాదించే సమాచారాన్ని వీళ్లు "నేను చెప్పిందే రైటు" అనిపించుకోవడానికి ఉచితంగా పంచిపెట్టారు. ఆట తయారుచేసినవాళ్లు, బాబూ, రహస్య కాగితాలు మేం వాడం అని వాటిని తీసేయాల్సి వచ్చింది. ఆ లెక్కన మన పంతులు బంగారం. ఆయన దగ్గరున్న రహస్య పత్రమల్లా ఒక్కటే, నాన్నకి కనబడకుండా దాచిన కరెంటు బిల్లు.

వాదన తెగనప్పుడు ఆయన చేసే పని ఇంకొకటుంది. సర్వర్ ఖాళీ చేసి వెళ్లిపోతాడు. ఇది మాత్రం అచ్చంగా ఊరి గాలి. మునిసిపాలిటీ పన్ను కట్టం అని 1921లో చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊళ్లకి ఊళ్లే ఖాళీ చేసి, పొలిమేర బయట పాకలు వేసుకుని, దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టి, పదకొండు నెలలు ఎండకీ వానకీ ఓర్చుకున్నారు. వాళ్లు బ్రిటిష్ ప్రభుత్వం మీద అలిగారు. వాళ్ల మునిమనవడు ఆర్-73 మీద అలిగాడు. కొత్త సర్వర్లో ఆయనొక్కడే ఉంటాడు. ఆయుధాలన్నీ సక్రమంగా ఉంటాయి, కాల్చడానికే ఎవరూ ఉండరు.

ఇంట్లో ఈ జబ్బుకి జవాబుదారీ ఎవరని ఆరా తీస్తే నేరం తండ్రిగారి దాకా వెళ్తుంది. ఆయనకి ఎమ్జీసీ మార్కెట్లో బట్టల కొట్టు. "రాత్రంతా గాల్లో కొట్లాట, పొద్దున కొట్లో కూర్చోరా అంటే కునికిపాట్లు. వీడికెక్కడి నుంచి వచ్చిందండీ ఈ పిచ్చి?" అని వచ్చినవాళ్లందరి దగ్గరా వాపోతుంటాడు. అలా వాపోతూ ఉండగానే రేపల్లె నుంచి ఒకావిడ వచ్చి, ఎక్కడో కొన్న చీర తీసి, ఇలాంటిదే ఇంకో కుప్పడం నేత కావాలంది. పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టి, చీర తిరగేసి, అంచు మీద బొటనవేలితో రుద్దాడు.

"ఇది కుప్పడమని ఎవరు చెప్పారమ్మా మీకు? అంచూ ఒళ్లూ కలిసేచోట చూడండి. మూడు నాడెలు ఆడితే ఇక్కడ దారం దారాన్ని పట్టుకోవాలి. ఇదేం పట్టుకుంది? పవర్‌లూమ్ సరుకు."

"కట్టుకోడానికి బాగానే ఉంది కదండీ?"

"బాగానే ఉంది. కుప్పడం మాత్రం కాదు."

బేరం పోయింది. పెద్దాయన మొహంలో తృప్తి మాత్రం ఎక్కడికీ పోలేదు. మూల కుర్చీలో కునుకుతున్న కొడుకు ఒక కన్ను తెరిచి, తండ్రి వంక మెచ్చుకోలుగా చూసి, మళ్లీ మూసుకున్నాడు.

పంతుల్ని నవ్వులాటకి తీసిపారేద్దామంటే కుదరదు, అప్పుడప్పుడూ పనికొచ్చేదీ చెప్తాడు. భారత వైమానిక దళం సు-25 కొనలేదు. నేల మీద దాడుల పనికి మిగ్-27లని వాడింది, ప్రభుత్వ విమాన కంపెనీ హెచ్‌ఏఎల్‌లో తయారుచేసుకుంది. 2019 డిసెంబరు 27న జోధ్‌పూర్‌లో వాటికి చివరి వీడ్కోలు చెప్పింది. కార్గిల్ యుద్ధంలో 1999 మే 27న మన కంబంపాటి నచికేత నడిపింది మిగ్-27నే. రాకెట్లు పేల్చాక ఇంజన్ ఆగిపోయింది. పారాచూట్‌తో దిగి పాకిస్తాన్‌కి బందీగా చిక్కాడు, వారం రోజులకి విడుదలయ్యాడు. ఇదంతా గౌరవంగా, లేచి నిలబడినంత పనిచేసి చెప్తాడు పంతులు. అక్కడితో ఆపితే ఎంత బాగుండేది! "కాబట్టి ఆటలో కూడా బాగా ఎత్తున రాకెట్లు పేలిస్తే ఇంజన్ ఆగిపోవాల్రా" అంటాడు. "ఒరే, మేం ఆడుకోడానికొచ్చాంరా" అని బాపట్లవాడు మొత్తుకుంటాడు.

కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద అత్యవసర రన్‌వే కట్టి, 2022 డిసెంబరు 29న వైమానిక దళం విమానాలతో పరీక్షించినప్పుడు జనం పిల్లాపాపల్తో వెళ్లి చూశారు. సుఖోయి-30లు రోడ్డుకి బాగా దగ్గరగా దిగొచ్చి, చెవులు చిల్లులు పడేలా గర్జించి పైకి లేచాయి. అందరూ కేకలు, ఈలలు. పంతులు మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. ఏమైందిరా అంటే, "ఎండ కళ్లలో పడింది. ఏ పైలాన్‌కి ఏముందో కనిపించలేదు."

ఇంతటి నిష్ఠాపరుణ్ణి దెబ్బ తీసింది చరిత్రే. ముందు తెనాలివాడు ఒక ప్రశ్న వేశాడు. "సామాన్లు మోసే విమానంలో బాంబులు నింపి, వెనక తలుపులోంచి దొర్లించే పద్ధతి ఆటలో పెడితే ఒప్పుకుంటావా?" "ఛీ, అది కార్టూన్‌రా" అన్నాడు పంతులు. "1971లో మనవాళ్లు ఆంటోనోవ్-12లతో చేసింది అదే. పాకిస్తాన్‌లో చాంగా మాంగా అడవి మీద అలాగే వేశారు." పంతులు ఆ రాత్రి ఇంకేం మాట్లాడలేదు. యుద్ధంలో ఉన్నవాడు చేతికందింది కట్టుకుపోతాడు. సంవత్సరం, బ్యాచ్ చూసి కట్టుకోవాలన్న నియమం ఆ తర్వాత కుర్చీలో కూర్చున్నవాడిది.

రెండో దెబ్బ మరీ ఇంటి పక్క నుంచి తగిలింది. బాపట్ల పక్కనే సూర్యలంకలో వైమానిక దళ స్థావరం ఉంది, క్షిపణుల కాల్పులు అభ్యాసం చేసేది అక్కడే. 2023 డిసెంబరులో 'అస్త్రశక్తి' విన్యాసాలు జరిగాయి. ఒకే ఆకాశ్ క్షిపణి యూనిట్ ఏకకాలంలో నాలుగు లక్ష్యాలను కూల్చిందని పేపర్లు గొప్పగా రాశాయి. ఆ విన్యాసాల్లోనే 'సమర్' అనే మరో క్షిపణి వ్యవస్థనీ కాల్చారు. దాని సంగతి చదివి బాపట్లవాడు వెంటనే ఫోన్ చేశాడు.

"మావా, సమర్ అంటే ఏందో తెలుసా? విమానాల కింద తగిలించే రష్యా మిస్సైల్‌ని వైమానిక దళం వాళ్లే లారీకెక్కించి నేల మీద నుంచి కాల్చేట్టు మార్చారంట. ఏ మిస్సైలో చెప్పుకో?"

పంతులు మాట్లాడలేదు.

"ఆర్-73, మావా. లారీ మీద. మా ఊరి పక్కన."

అవతల చాలాసేపు ఫ్యాను చప్పుడే వినిపించింది. తర్వాత, "ఫొటో పంపు" అని గొంతు. పంపాడు. పెద్దది చేసి చూశాడు, చిన్నది చేసి చూశాడు. ఎయిర్ షో అందామంటే కాదు. బ్రోషరు అందామంటే కాదు. చెప్పినవాళ్లకి వయసైపోయింది అందామంటే వాళ్లు వైమానిక దళం.

"సరే, ఒప్పుకుంటున్నా. ఆటలో పెట్టమని నేనే రాస్తా. కానీ లారీ ఇదే మోడల్ అయ్యుండాలి. టైర్లు ఇవే అయ్యుండాలి. వెనకాల 'హారన్ ప్లీజ్' అని రాశారా, నేను సర్వర్ ఖాళీ చేసేస్తా."