ఒళ్లె కూసోబెడితె దత్తత

ఇయ్యాల రేపు ఎవలన్న బిడ్డను సాదుకుంటమంటే జనం ముందుగాల అడిగేది, "నంబరెంతొచ్చింది?" అని. ఢిల్లీల కారా అని ఒక ఆఫీసున్నది, 1990ల పెట్టిండ్రు. దాని పోర్టల్ల ఆలుమగలు పేర్లు ఎక్కియ్యాలె. పాన్ కార్డు, పెండ్లి సర్టిఫికెట్, ఆమ్దానీ కాయితం, డాక్టర్ కాయితం అన్నీ దాంట్లనే. ఇంటికి మనుషులొచ్చి, ఉప్పు డబ్బా నుంచి ఊయల కొక్కెం దాంక చూసి రిపోర్టు రాసుకొని పోతరు. ఇగ ఆడికెళ్లి ఎదురుసూసుడే. మూడేండ్లు దాటినోళ్లను నేనెరుగుదును. తీరా వంతు వచ్చినంక బిడ్డ ఫోటో, డాక్టర్ రిపోర్టు ఫోన్లకొస్తయి. 48 గంటలల్ల అవునో కాదో తేల్చాలె. కూరగాయలు బేరం చేసేతందుకే గంట పడుతది మా భీమ్‌గల్ అంగట్ల!

వయసు లెక్క ఇంకోటి. రెండేండ్ల లోపు బిడ్డ కావాల్నంటే ఆలుమగల వయసు కలిపితే 85 దాటొద్దు. నేను, మా ముసల్ది కలిస్తే 150 మీదికి పోతం. మా అసొంటోళ్లు ఆ దిక్కు సూసినా పాపమే.

మా రోజుల్లో గిదంత ఏడిది? సాదుకునుడంటే ఒక్క పూట పని. యాభైలల్ల, నేను లాగు ఏసుకొని తిరిగేటప్పుడు, మా వాడకట్టుల ఒక దత్తత చూసిన. అన్న కొడుకును తమ్ముడు తీసుకున్నడు. కన్నతల్లి పొద్దుగాల్నే పిల్లగానికి తలకు పోసి, కొత్త అంగి తొడిగి, కాటిక పెట్టి చంకల ఎత్తుకొని వచ్చింది. అయ్యగారు మంత్రం చదువుతుండె గని ఇనెటోడు లేడు. అందరి సూపు ఆమె చేతుల మీదనే. పిల్లగాన్ని దించి తోడికోడలి ఒళ్లె కూసోబెట్టింది. కూసోబెట్టినంక చేతులు ఎనకకు గుంజుకోనీకి జర సేపు పట్టింది. వాడేమో చిన్నమ్మ మెడల గుండ్లు పట్టుకొని నోట్లె పెట్టుకుంటుండు. పట్వారి దస్తావేజు రాసిండు, కులపెద్దలకు ఆకువక్క పంచిండ్రు, అయిపోయింది. పొద్దుగూకకముందే ఆ పిల్లగాడు కన్నతల్లి ఇంట్లకు పోయి బువ్వ తిని మల్ల ఈ ఇంట్లకొచ్చి పన్నడు. రెండిండ్లకు నడుమ ఒక్కటే గోడ.

1956ల వచ్చిన హిందూ దత్తత చట్టం గూడ అసలు సంగతి అదే అన్నది. ఇచ్చేటోళ్లు చేత్తోని ఇయ్యాలె, తీసుకునేటోళ్లు చేత్తోని తీసుకోవాలె. హోమం చేసినా చేయకున్నా నడుస్తది. మామూలుగ బిడ్డకు పదిహేనేండ్లు నిండొద్దు. పైసలు చేతులు మారొద్దు. అంతకుమించి ఏం కావాలె?

దత్తత పోయినోళ్లు చిన్నతనం కూడ పడలే. లక్నేపల్లిల పుట్టిన మూడేండ్ల పిల్లగాన్ని వంగరకు తెచ్చి పాములపర్తి రంగారావు, రుక్మిణమ్మ సాదుకున్నరు. ఆయన 1991ల దేశానికే ప్రధానమంత్రి అయిండు. పుట్టుకతోని పూడిపెద్ది ఇంటి పిల్లగాడు దత్తత పోతేనే మనకు శ్రీరంగం శ్రీనివాసరావు అయిండు. చలం ఇంటిపేరు గుడిపాటి గూడ తాతకు దత్తత పోతె వచ్చిందే. ఆ ముగ్గురు ఎక్కడ పుట్టిండ్రు, ఎక్కడ పెరిగిండ్రు అన్నది ఎవలూ దాయలే. దాచేతందుకు అదేమన్న దొంగతనమా?

అట్లని మా రోజులు బంగారమని నేనంటలేను. గులుగుడుకు గూడ ఒక లెక్క ఉంటది. అప్పటి దత్తత బిడ్డ కోసం కాదు, తలగొరివి కోసం, ఎకరాల కోసం. అందుకే మొగపిల్లగాడే, అదీ కులపోడే, వీలైతే అన్నదమ్ముల కొడుకే. ఆడపిల్లను దత్తత తీసుకునేతందుకు 1956 దాంక పాత శాస్త్రంల తోవనే లేకుండె. మొగుడుండంగ ఆడామె తన పేరు మీద దత్తత తీసుకునే హక్కు 2010 దాంక రాలే. అన్నీ ఉన్నా పాలోల్లు ఊకుంటరా? ఝాన్సీ రాజు సచ్చే ముందటి రోజు పిల్లగాన్ని దత్తత తీసుకుంటే డల్హౌసీ దొర చెల్లదన్నడు. మా పాలోల్లు డల్హౌసీకి తాతలు. శవం లేవకముందే దస్తావేజు మీద వేలిముద్ర ఎవనిదని అడిగెటోళ్లు.

ఇంకో ముచ్చట. బోధన్ షక్కర్‌నగర్ల కొలువు చేసే ఒకాయన తమ్ముని కొడుకును సాదుకున్నడు. నాలుగేండ్లకు ఆయనకే కొడుకు పుట్టిండు. ఆనాటిసంది కన్నోడు బడికి, సాదుకున్నోడు బర్ల ఎంబడి. ఒక్కసారి అయిన దత్తతను రద్దు చేసేది లేదని చట్టం అంటది. నిజమే, రద్దు చేయలే. బర్ల కాడికి పంపిండ్రు. వాడే ముసలితనంల ఆ తండ్రిని సాదిండు, కన్నోడు దేశం పట్టుక పోయినంక.

ఇప్పుడు దరఖాస్తులల్ల ఆడపిల్లే కావాలని రాస్తున్నరు. 2024-25ల దేశం మొత్తం మీద 4,515 దత్తతలు అయినయని కారా లెక్క, దాంట్ల ఆడపిల్లలే ఎక్కువ. సంబురమే. గని ఆ ఆడపిల్లలు శిశుగృహలకు ఎట్ల వచ్చిండ్రో గూడ యాది పెట్టుకోవాలె. ఒకరు కావాలని రాసుకునే బిడ్డ, ఇంకొకరు వద్దని ఇడిచిపెట్టిన బిడ్డనే.

మా గల్లీల పంతులు, పంతులమ్మ అసొంటి బిడ్డనే తెచ్చుకున్నరు. మూడేండ్ల పిల్ల. తెచ్చిన కొత్తల ఇంటికొచ్చిన ప్రతి ఆడామెను 'అమ్మా' అనేది. ఆమె తప్పు కాదు. ఆడ ఆయమ్మలు డ్యూటీలు మారుతుంటరు, పిల్ల ఎవలను పట్టుకోవాలె? పండుక్కు చేసిన సకినాలు ఒక్కొక్కటే తీస్కపోయి దిండు కింద దాసుకునేది. చీమలు పట్టినంక గని తల్లికి తెల్వలే. నేనైతే, "రెండు తగిలియ్యి, అలవాటు పోతది" అన్న. ఆ పంతులమ్మ నా మాట ఇనలే. మూతున్న చిన్న డబ్బ కొని, దాంట్ల మురుకులు నింపి, పిల్ల చేతికందేటట్టు అల్మార కింది అరల పెట్టింది. "ఇది నీది, ఎవలూ తియ్యరు" అన్నది. కొన్ని దినాలు పిల్ల గంటకోసారి పోయి మూత తీసి సూసి మల్ల పెట్టేది. ఎన్నడో సూసుడు బందువెట్టింది.

దానికన్న పెద్ద ముచ్చట తర్వాతది. పిల్ల శానా బుద్ధిమంతురాలు. చెప్పింది ఇంటది, ఏడ్వది, వద్దనది. గల్లీల అందరు మెచ్చుకున్నరు. తల్లికి మాత్రం మనసున పట్టలే. ఒకనాడు స్నానానికి రమ్మంటే పిల్ల నేల మీద పడి కాళ్లు కొట్టుకుంట, "నేను రా, పో" అని మొత్తుకున్నది. పంతులమ్మ మా ఇంటికి ఉరికొచ్చి, "తాతా, ఇయ్యాల మొండికేసింది!" అని నవ్వుకుంట చెప్పింది. వాపస్ పంపరని ధైర్యం వస్తేనే పిల్ల అలుగుతదట. మా రోజుల్లో అలిగితే వీపు పగిలేది. బిడ్డ అలిగిందని సంబురపడే తల్లిని ఆమెనే సూసిన.

గల్లీ మాత్రం మారలే. "ఏ కులం బిడ్డ?" అని అడగనోళ్లు లేరు. ఓ ముసలామె అయితే పిల్ల ముక్కు సూసి కులం చెప్పబోయింది. దవాఖానల డాక్టరు, "మీ ఇంట్ల షుగరున్నదా, బీపీ ఉన్నదా?" అంటే, ఆ పంతులమ్మ జవాబు లేక ఊకుంటది. బడిల తాత ముత్తాతల బొమ్మ గీసుక రమ్మంటే పంతులే నా ఫోటో అడిగి అతికిచ్చిండు. అడిగినప్పుడు, పాతది ఇయ్యాల్నా కొత్తది ఇయ్యాల్నా అని గులిగిన గని, పాతదే ఇచ్చిన. దాంట్ల నాకు మీసాలు బాగుంటయి.

పంతుళ్లకు జీతం కాయితమున్నది, నడిచింది. మా దిక్కు ఇంటికొకడు దుబాయిలనో మస్కట్లనో ఉంటడు. ఇంటామె చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేసుకుంట సంసారం గడుపుతది. ఆఫీసోళ్లు ఆలుమగలిద్దరితోని మాట్లాడాలె అంటరు, ఇద్దరి సంతకం కావాలె అంటరు. ఆయన రెండేండ్లకోసారి సెలవు మీదొస్తడు. ఆయన ఉన్నప్పుడు వీళ్లు రారు, వీళ్లు వచ్చినప్పుడు ఆయన ఉండడు. అసొంటోళ్ల చెవుల ఎవడో, "ఫలానా దవాఖానల ఆయమ్మ ఉన్నది, లచ్చల ముచ్చట, రాత్రికి రాత్రే బిడ్డ" అని ఊదుతడు. 1999ల, 2001ల దేవరకొండ దిక్కు లంబాడ తండాల బిడ్డల బేరం బయటవడ్డప్పుడు దేశమంత నోరు తెరిసింది. 2024 మేల మేడిపల్లి కాడ రాచకొండ పోలీసులు ఇంకో ముఠాను పట్టుకున్నరు. కొన్నోళ్ల ఇండ్లల్ల పెరుగుతున్న పిల్లలను తీస్కపోతుంటే ఆ తల్లులు ఏడ్చిన ఏడుపు టీవీలల్ల వచ్చింది. ఏడుపు నిజమే, కొన్నదీ నిజమే. "మీ కాలంల గూడ కాయితాలు లేకుంటనే తెచ్చుకున్నరు కద తాతా" అంటరు. మా కాలంల కన్నతల్లి అందరి ముందర కూసొని ఇచ్చిందిరా. ఈడ ఆమె మొకమెవడు సూసిండు, ఆమె ఇచ్చిందో, ఆమె కాడికెళ్లి గుంజుకున్నరో ఎవనికి తెలుసు? ఆ మూడేండ్ల ఎదురుసూసుడును నేను తిట్టినన్ని తిట్లు ఎవలూ తిట్టలే. అయినా గా తోవనే పొమ్మంట. 2022 సెప్టెంబర్ సంది దత్తత ఆర్డర్ కోర్టుల కాకుంట కలెక్టరే ఇస్తున్నడు, ఆ మేరకు తిరుగుడు తగ్గింది.

నా అసలు షికాయతు దాచెటోళ్ల మీద. సక్కని తొవ్వల, అన్ని కాయితాలతోని తెచ్చుకున్న బిడ్డను గూడ దాస్తరు. ఆరు నెలలు పుట్టింటికి పోయినట్టు పోయి బిడ్డతోని దిగుతరు. ఊరు మారుస్తరు, పాత ఫోటోలు చింపుతరు. ఎన్నాళ్లు? పద్దెనిమిదేండ్లు నిండినంక నా పుట్టుక సంగతి చెప్పుండ్రని బిడ్డే ఆఫీసును అడగొచ్చని నియమమున్నది. అంతదాంక ఎందుకు, ఏ పెండ్లి పందిట్లనో పాలోల్ల పిల్లగాడు కోపంల నోరు జారుతడు. అప్పుడు బిడ్డకు దుక్కం సాదుకున్నందుకు కాదు, ఇన్నేండ్లు అందరికి తెలిసి తనకొక్కదానికే తెల్వనందుకు.

పంతులమ్మ ఆ పని చేయలే. బిడ్డను తెచ్చుకున్న కథ రోజు పండుకునేటప్పుడు చెప్పేది, రాజకుమారి కథ బదులు. పిల్లకు ఇప్పుడు ఆరేండ్లు. కార్తీక పున్నానికి లింబాద్రి గుట్ట జాతరకు నా ఎంబడే వచ్చింది. రథం కాడ తోపులాటల పాత చుట్టమొకామె కలిసి, గడ్డం పట్టుకొని, "ఎవల పోలిక బిడ్డా నీది?" అన్నది. పిల్ల తడుముకోలే. "నన్ను మా అమ్మ పోయి తెచ్చుకున్నది. కలెక్టర్ సార్ సంతకం పెట్టిండు. నీకు పెట్టిండా?" అన్నది. ఆమె నోరు తెరిసింది తెరిసినట్టే ఉన్నది. కులం అడిగేతందుకు మల్ల మూసి తెరిసేలోపల పిల్ల నా చెయ్యి గుంజుకుంట బుగ్గల దుకాణం కాడికి తీస్కపోయింది. ఒక్క బుగ్గకు ముప్పై రూపాయలంట! మా రోజుల్లో అయిదు పైసలకు రెండొచ్చేటివి, అవి పండుగెల్లిందాంక పలగకపోయేటివి.